మిర్చి ధరల కోసం ప్రాక్సీలు కొనాల్సిన పని ఏమిటి?

సంపాదకుడికి,

కాలేజీలో డేటా ప్రాజెక్టులు చేయించే మాలాంటి అధ్యాపకులను విద్యార్థులు ఈ మధ్య తరచూ అడుగుతున్న ప్రశ్న ఒకటుంది: "సార్, ప్రాక్సీ బ్లాక్ కాకుండా ఏం చేయాలి?" వెబ్‌సైట్ల నుంచి ప్రోగ్రామ్‌తో డేటా తీసుకునేటప్పుడు సైట్ అడ్డుకోకుండా, మధ్యలో వేరే కంప్యూటర్‌ను పెట్టుకుని దాని ఇంటర్నెట్ అడ్రస్‌తో వెళ్లడమే ప్రాక్సీ. ఇంటర్నెట్‌లో దీనికి సలహాలకు కొదవ లేదు. అడ్రస్‌లు మారుస్తూ పొమ్మని ఒకరు, ప్రోగ్రామ్‌ను బ్రౌజర్‌లా నటింపజేయమని ఇంకొకరు, జనం ఇళ్లలోని ఇంటర్నెట్ అడ్రస్‌లు అద్దెకు తీసుకోమని మరొకరు చెబుతుంటారు. అసలు ఈ ప్రశ్నే పుట్టకుండా చూడాల్సింది ప్రభుత్వ శాఖలని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

గుంటూరు మిర్చి యార్డులో గత పదేళ్లలో తేజ రకం ధర ఎలా కదిలింది, 334 రకం ఎలా కదిలింది, ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగిన రోజున రేటు ఎంత పడింది, తాలు కాయకు (రంగు పోయిన నాసిరకం మిర్చికి) ఎంత తేడా వచ్చింది అని ఒక విద్యార్థి తెలుసుకోవాలనుకుంటాడు. రైతు బిడ్డ అయితే ఆ ప్రశ్న ఇంట్లోంచే వస్తుంది. ఆ సమాచారం రహస్యమేమీ కాదు, సైట్‌లో అందరికీ కనబడేదే. కానీ మా పిల్లలు వాడిన ఒక ప్రభుత్వ సైట్‌లో మార్కెట్, సరుకు, తేదీ ఎంచుకుంటే ఆ ఒక్కరోజు లెక్క ఒక్కటే వస్తుంది. పదేళ్ల లెక్క కావాలంటే వేల పేజీలు తెరవాలి. అది చేత్తో అయ్యే పని కాదు కాబట్టి, పేజీలను వరుసగా తెరిచి అంకెలు రాసుకునే చిన్న ప్రోగ్రామ్ రాస్తారు. వెబ్ స్క్రేపింగ్ అంటే ఇదే. కాసేపటికి సైట్‌ను నడిపే కంప్యూటర్, అంటే సర్వర్, ఆ ఐపీ అడ్రస్‌ను (ఇంటర్నెట్‌లో ఆ కనెక్షన్‌ను గుర్తించే సంఖ్యను) ఆపేస్తుంది. కాలేజీ మొత్తం బయటికి ఒకే అడ్రస్‌తో వెళ్తున్నప్పుడు, ఆఫీసులో స్కాలర్‌షిప్ పని చూసుకునే గుమాస్తాకు కూడా ఆ సైట్ ఆగిపోతుంది.

అప్పుడు ప్రాక్సీల వేట మొదలవుతుంది. ఒకటి బ్లాకైతే ఇంకొకటి, తర్వాత మరొకటి. పెద్ద డేటా సెంటర్ల అడ్రస్‌లను సర్వర్లు సులువుగా గుర్తుపడతాయి కాబట్టి, మామూలు ఇళ్ల అడ్రస్‌లకు మార్కెట్‌లో గిరాకీ ఎక్కువ. ఆ అడ్రస్‌లు ఎవరివి, వాళ్లకు ఈ సంగతి తెలుసా అని కొనేవాళ్లు అడగరు.

అడగకపోతే ఏమవుతుందో 2024 మేలో ప్రపంచం చూసింది. 911 ఎస్5 అనే ప్రాక్సీ వ్యాపారాన్ని అమెరికా న్యాయశాఖ మూయించి, దాన్ని నడిపిన వ్యక్తిని అరెస్టు చేసినట్లు ప్రకటించింది. ఉచిత వీపీఎన్ (మన కనెక్షన్‌ను వేరే చోటి నుంచి వచ్చినట్లు చూపించే సాఫ్ట్‌వేర్) పేరుతో జనం ఇళ్లలోని విండోస్ కంప్యూటర్లలోకి చొరబడి, దాదాపు 200 దేశాల్లో 1.9 కోట్లకు పైగా ఐపీ అడ్రస్‌లను అమ్ముకున్నారు. వాటి చాటున నేరగాళ్లు 5.6 లక్షల దొంగ నిరుద్యోగ భృతి క్లెయిములు పెట్టారని, 590 కోట్ల డాలర్లకు పైగా నష్టం జరిగిందని అక్కడి ప్రభుత్వం తేల్చింది. ఆ కంప్యూటర్ల యజమానుల్లో చాలామందికి తమ అడ్రస్ మీద ఏం జరుగుతోందో తెలియనే తెలియదు. "మీ ఇంటర్నెట్ షేర్ చేయండి, డబ్బు సంపాదించండి" అనే యాప్‌లు ఇప్పుడు మన పిల్లల ఫోన్లలోకీ వస్తున్నాయి. తల్లిదండ్రులు ఈ సంగతి గమనించాలి.

మన ప్రభుత్వ సైట్లలో కొన్ని విదేశాల నుంచి తెరుచుకోవు. ఊళ్లో పొలం రికార్డు చూసుకోవాలనుకున్న అమెరికా తెలుగువాళ్లు కూడా చివరికి ఏదో ఒక ఉచిత వీపీఎన్‌ను దింపుకుంటున్నారు. భద్రత కోసం వేసిన ఆంక్ష, వాళ్లను అంతకంటే ప్రమాదమైన చోటికి తోస్తోంది.

సర్వర్ నడిపేవాళ్ల బాధ కూడా నాకు తెలుసు. సెకనుకు వందల అభ్యర్థనలు వచ్చి పడితే చిన్న సర్వర్ కూలబడుతుంది. అప్పుడు నష్టపోయేది పింఛను వివరం చూసుకునే సామాన్యుడే. వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ 2025 ఏప్రిల్‌లో తన కష్టం చెప్పుకుంది. తమకు అత్యంత ఖర్చయ్యే ట్రాఫిక్‌లో 65 శాతం బాట్లదేనని, అంటే మనుషులు కాక తమంతట తామే పేజీలు తెరిచే ప్రోగ్రాములదేనని తెలిపింది. రైల్వే శాఖ కూడా తత్కాల్ బుకింగ్ మొదలైన తొలి అయిదు నిమిషాల్లో లాగిన్ ప్రయత్నాల్లో సగం వరకు బాట్లవేనని ప్రకటించింది. అలాంటి చోట బ్లాక్ చేయాల్సిందే. టికెట్లు కొల్లగొట్టేవాళ్ల కోసం నేను వాదించడం లేదు.

అయితే అడ్డదిడ్డంగా బ్లాక్ చేస్తే దెబ్బ తగిలేది వేరేవాళ్లకు. ఐపీవీ4 అనే పాత అడ్రస్ పద్ధతిలో ప్రపంచం మొత్తానికి ఉన్నవి సుమారు 430 కోట్ల అడ్రస్‌లే. అవి చాలక మొబైల్ కంపెనీలు ఒక్కో అడ్రస్‌ను ఎంతోమంది కస్టమర్లకు కలిపి వాడతాయి. ఒక అడ్రస్‌ను ఆపితే, దాని వెనక ఉన్న ఏ పాపమూ ఎరగని వాళ్లందరూ ఆగిపోతారు. స్క్రేపర్ మాత్రం ఇంకో ప్రాక్సీ కొనుక్కుని వెళ్లిపోతాడు.

సర్వర్ మర్యాదగా మాట్లాడే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. అభ్యర్థనలు ఎక్కువైనప్పుడు 429 అనే కోడ్‌తో జవాబివ్వవచ్చు, ఎంతసేపు ఆగి రావాలో అందులోనే చెప్పవచ్చు. ఇది 2012 నుంచే ప్రమాణాల్లో ఉంది. మా విద్యార్థులకు నేను చెప్పేది కూడా ఇదే. 429 వస్తే అడ్రస్ మార్చకండి, ఆగండి. రద్దీ లేని రాత్రివేళ, పేజీకీ పేజీకీ మధ్య కొన్ని సెకన్లు వదిలి తీసుకోండి. ఒకసారి తెచ్చిన పేజీని దాచుకోండి. అది మారిందో లేదో మాత్రమే సర్వర్‌ను అడిగే వీలుంది, మారకపోతే పేజీ మొత్తం మళ్లీ పంపక్కర్లేదు. మీరు ఎవరో, ఎందుకు తీసుకుంటున్నారో, మీ ఈమెయిల్ ఏమిటో ప్రోగ్రామ్ పంపే గుర్తింపు వాక్యంలోనే రాయండి. ఇలా చేస్తే బ్లాక్ అయ్యే పరిస్థితి చాలావరకు రాదు. అయినా బ్లాకైతే అడ్రస్ మార్చడం కాదు, సైట్ నడిపేవాళ్లకు ఉత్తరం రాయడం సరైన దారి. పైగా మన ఐటీ చట్టం 43వ సెక్షన్ ప్రకారం, అనుమతి లేకుండా కంప్యూటర్ నుంచి డేటా కాపీ చేస్తే పరిహారం కట్టాల్సి రావచ్చు. దురుద్దేశం ఉందని తేలితే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు. ఇరవై ఏళ్ల పిల్లాడు ప్రాజెక్టు మార్కుల కోసం ఆ టెన్షన్ ఎందుకు పడాలి? అమీర్‌పేట లాంటి చోట్ల కోర్సులు చెప్పే సంస్థలు ప్రాక్సీలు మార్చడం నేర్పే ముందు ఇవన్నీ నేర్పాలి.

తెలుగు భాష మీద ప్రాజెక్టు చేసే మా విద్యార్థులు తెలుగు వికీపీడియాను స్క్రేప్ చేయరు. వ్యాసాలన్నింటినీ కలిపి ఫైల్‌గా వికీమీడియానే క్రమం తప్పకుండా పెడుతుంది. దింపుకుంటే చాలు, ప్రాక్సీ ఊసే ఉండదు. మన దేశంలోనూ ఇది సాధ్యమే. కేంద్ర ప్రభుత్వ ఓపెన్ డేటా పోర్టల్‌లో మండీల రోజువారీ ధరలను ప్రోగ్రామ్ నేరుగా తీసుకునే ఏర్పాటు ఉంది. ప్రభుత్వ డేటాను యంత్రాలు చదవగలిగే రూపంలో పంచాలన్న జాతీయ విధానం 2012లోనే వచ్చింది. సమాచార హక్కు చట్టం, 2005లోని 4వ సెక్షన్ ఇంకా ముందుకెళ్లి, జనం దరఖాస్తు పెట్టే అవసరం పెద్దగా రాకుండా ప్రభుత్వాలే వీలైనంత సమాచారాన్ని ఇంటర్నెట్‌తో సహా అన్ని మార్గాల్లో వెల్లడించాలంటోంది. ఒక్కోరోజు లెక్కను ఒక్కో పేజీలో చూపించి, ఎక్కువ పేజీలు అడిగినవాడిని ఆపేయడం ఆ చట్టం కోరినది కాదు.

పేర్లు, ఫోన్ నంబర్లు, లబ్ధిదారుల జాబితాలు గంపగుత్తగా ఇవ్వమని నేను అడగడం లేదు. అవి ఇవ్వకూడదు. ధరలు, వర్షపాతం, జలాశయాల మట్టాలు, టెండర్ల ఫలితాలు లాంటివి ఏ మనిషి గుట్టూ బయటపెట్టవు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మార్కెటింగ్ శాఖలు వచ్చే మిర్చి సీజన్ లోపు యార్డుల వారీగా, సంవత్సరాల వారీగా పాత ధరలు, సరుకు రాక వివరాలను ఫైళ్లుగా పెట్టాలి. రోజువారీ లెక్క ప్రతి సాయంత్రం అందులో చేరాలి. నిమిషానికి ఎన్ని అభ్యర్థనలు పంపవచ్చో సైట్‌లో రాసి, ఇబ్బంది వస్తే జవాబిచ్చే అధికారి ఈమెయిల్ ఇవ్వాలి. ఆ ఫైళ్లు పెడితే మా విద్యార్థులతో వాటిని పరిశీలింపజేసి, తప్పులు కనబడితే ఆ శాఖలకే రాసి పంపే బాధ్యత తీసుకుంటాను.

ఇట్లు,
ఒక కంప్యూటర్ సైన్స్ అధ్యాపకుడు,
గుంటూరు జిల్లా