కథకుడికి పది నిమిషాలు చాలవు

సంపాదకులకు నమస్కారం.

తిరుపతిలో, చుట్టుపక్కలా క్యాంపస్‌లకు కొదవ లేదు. 1954 నాటి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం నుంచి 2015లో వచ్చిన ఐఐటీ, సైన్సు విద్యా పరిశోధన సంస్థ ఐసర్ దాకా ఎన్నో ఉన్నాయి. వీటిలో వాతావరణ మార్పులు, ప్రకృతి, ఆదివాసీ కథలు కలిపి ఒకే సభలో పెట్టాలన్న ఆలోచన చాలా మంచిది. కానీ ముగ్గురు నిపుణుల స్లైడ్లు అయ్యాక, భోజనానికి ముందు మిగిలిన పది నిమిషాలు కథకుడికిచ్చి శాలువా కప్పితే అది పిలిచినట్టు కాదు. నిర్వాహకులు పట్టించుకోవలసిన సంగతులు కొన్ని రాస్తున్నాం.

మొదట, ఎవరిని ఏమడగాలో తెలియాలి. మన ప్రాంతంలో యానాదులు, ఎరుకలవారు, సుగాలీలు ఉన్నారు. యానాదులను గిరిజనులంటున్నాం గానీ వాళ్లలో ఎక్కువమంది బతుకు గిరుల మీద కాదు. చెరువు కట్టల పక్కన, ఏటి ఒడ్డున, పులికాట్ సరస్సు అంచున. వాళ్లను అడవి డ్యాన్సు చేయమంటే వాళ్ల అసలు విద్య బయటికి రాదు. ఎలుకలు పట్టే మనిషి వరి గట్టు మీద బొరియను చూడగానే చెబుతాడు: నోటి దగ్గర తాజా మన్ను ఉంటే లోపల ఎలుక ఉంది, సాలెగూడు అల్లుకుంటే ఖాళీ. అడుగున చిల్లి ఉన్న కుండలో గడ్డి కుక్కి, నిప్పంటించి, పొగను బొరియలోకి ఊదుతాడు. ఆ పొగ ఇంకే కన్నాల్లోంచి లేస్తుందో చూస్తే గట్టు లోపల సొరంగం ఎటు పోయిందో తెలిసిపోతుంది. అలాంటి సొరంగమే చెరువు కట్టలో ఉంటే నీరు దాని వెంటే ఊరి, మన్ను కోసుకుపోయి, చివరికి కట్ట తెగుతుంది. 2021 నవంబరు వానలకు తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్టకు ముప్పు వచ్చి కింది ఊళ్లను ఖాళీ చేయించిన రోజులు అందరికీ గుర్తే. కట్టల గురించి మాట్లాడే సభలో కట్ట లోపలి సంగతి తెలిసినవాళ్లు ముందు వరుసలో ఉండాలి.

ఇక కూర్చోబెట్టే తీరు. వేదిక, పోడియం మైకు కథకు శత్రువులు. కథ చెప్పే మనిషి చేతులు ఆడిస్తుంది, పక్కకు తిరుగుతుంది, గొంతు తగ్గిస్తుంది. నిలబెట్టిన మైకుకు సగం మాటలు అందవు. సాయంత్రం ఎండ తగ్గాక చెట్టు కింద, నలభై యాభై మందికి మించకుండా అర్ధచంద్రంలో కూర్చోబెట్టి కాలర్ మైకు పెట్టండి. అన్నిటికంటే ముఖ్యం, ఊఁ కొట్టే మనిషి. మన కథ ఊఁ మీద నడుస్తుంది. వినేవాళ్లు మర్యాదగా నోరు మూసుకుంటే కథకురాలు నచ్చలేదనుకుని తొందరగా ముగించేస్తుంది. క్యాంపస్‌లలో కథలు చప్పబడడానికి పెద్ద కారణం ఇదే. అందుకే వాళ్ల కాలనీ నుంచే ఒకరిని తోడు పిలిచి పక్కన కూర్చోబెట్టి, వాళ్లకూ మైకివ్వాలి. కథకు ముప్పావు గంట, టీకి పావుగంట, ప్రశ్నలకు అరగంట పెట్టుకోండి.

తెలుగు రాని విద్యార్థులుంటే నాలుగు వాక్యాలకోసారి ఆపి అనువాదం చేయించకండి. కథ అక్కడే తెగిపోతుంది. సారాంశం ఒక పేజీ ముందే అచ్చువేసి పంచి, అనువాదకుణ్ణి ప్రశ్నల దగ్గర వాడుకోండి.

శాస్త్రవేత్త కథ తర్వాతే మాట్లాడాలి. ముందు గ్రాఫులు చూపిస్తే కథకులు వాటికి తగ్గట్టు మాటలు మార్చుకుంటారు. పెద్దవాళ్లు సంవత్సరాలు చెప్పరు, కార్తె చెబుతారు, ఫలానా చెరువు మొరవ పోయిన (నిండి పొర్లిన) ఏడాది అంటారు. కార్తె పదమూడు, పద్నాలుగు రోజులు. స్వాతి అక్టోబరు చివర మొదలవుతుంది, ఆ తర్వాత విశాఖ. 2021 నవంబరు 18 నాటి వాన విశాఖ చివర్లో పడింది. ఒక విద్యార్థి వర్షపాతం పట్టిక పట్టుకుని కూర్చుంటే ఏ మాట ఏ ఏడాదిదో పోల్చుకోవచ్చు. వాతావరణం మారిందని తేల్చడానికి ముప్పై ఏళ్ల సగటు కావాలి, అది పట్టికల పని. కపిలతీర్థం మీద పడ్డ వాన ఒకప్పుడు ఏ వాగు, వంక వెంట ఎటు పోయేదో పట్టికల్లో ఉండదు, అది మనుషుల దగ్గరే ఉంటుంది.

రికార్డింగ్ విషయంలో ఫారం మీద వేలిముద్ర చాలదు. ఏ భాగం బయట పెట్టాలో, ఏది వద్దో వినిపించి అడగాలి. మొక్కలు దొరికే చోట్ల పేర్లు తప్పకుండా తీసేయాలి. శేషాచలం కొండల్లో తప్ప దాదాపు ఎక్కడా పెరగని సైకస్ బెడ్డోమీ అనే చెట్టు మగ కంకులను మందుకోసం కోసుకుపోతున్నారు. చోటు చెప్పిన వీడియో ఒక్కటి చాలు, ఆ చెట్లకు చేటు. సంప్రదాయ జ్ఞానం మీద అడవిబిడ్డలకు సామూహిక హక్కు ఉందని 2006 అటవీ హక్కుల చట్టమే చెబుతోంది.

డబ్బు సంగతి మొహమాటం లేకుండా రాస్తున్నాం. బయటి వక్తకిచ్చే పారితోషికమే కథకురాలికీ ఇవ్వాలి, తోడు వచ్చినవాళ్లకు ఆ రోజు కూలికి తగ్గకుండా ఇవ్వాలి. పాన్ కార్డు, క్యాన్సిల్డ్ చెక్కు అడిగితే బిల్లు నెలల తరబడి ఆగిపోతుంది. కాబట్టి నిర్వాహకులు క్యాంపస్ నుంచి ముందే అడ్వాన్సు తీసుకుని, వోచరు మీద సంతకమో వేలిముద్రో తీసుకుని అదే సాయంత్రం చేతికివ్వాలి. చీకటి పడ్డాక బస్టాండులో దింపేయకుండా బండి కాలనీ దాకా వెళ్లాలి. వారంలోగా రికార్డింగ్‌ను మెమరీ కార్డులో వేసి, చెప్పినవారి పేరు దాని మీద రాసి, వాళ్లకే అందజేయాలి.

ఇట్లు,
క్యాంపస్ సభల నిర్వహణలో పనిచేస్తున్న కొందరం,
తిరుపతి