టోకెన్ బిళ్లల్ని తూకానికి అమ్మేయకండి

సంపాదకులకు నమస్కారం.

పాత అమెరికా నాణెం ఏదైనా వేలంలో కోట్లు పలికితే మన పత్రికలన్నీ ఫొటో వేసి మరీ రాస్తాయి. 2013లో 1794 నాటి వెండి డాలర్ ఒకటి కోటి డాలర్లు దాటినప్పుడూ అంతే. రాయడం తప్పనడం లేదు, కానీ ఇరవై ఏళ్లుగా చెన్నైలో ఉంటూ అమెరికా రాగి సెంట్లు, ప్రైవేటు టోకెన్లు పోగుచేస్తున్న నాకు, ఎంతసేపూ ధర తప్ప ఇంకేమీ రాయరే అని బాధ.

ఆ డాలర్లు కొనే స్తోమత నాకు లేదు. నా డబ్బాలో ఎక్కువగా ఉన్నవి అక్కడి అంతర్యుద్ధం నాటి టోకెన్లు. 1862లో జనం భయపడి బంగారం, వెండి, చివరికి ఒక సెంటు నాణేలు కూడా దాచేసుకున్నారు. బజారులో చిల్లరే లేదు, కొన్నాళ్లు తపాలా బిళ్లల్నే చిల్లరగా ఇచ్చిపుచ్చుకున్నారు. కిరాణా కొట్లో చిల్లర లేదని చేతిలో చాక్లెట్ పెట్టిన రోజులు గుర్తున్నవాళ్లకి ఆ అవస్థ వేరే చెప్పక్కర్లేదు. అప్పుడు కిరాణావాళ్లు, మంగలి షాపులవాళ్లు, సారాకొట్లవాళ్లు సెంటు సైజులో సొంత బిళ్లలు కొట్టించుకున్నారు. కొన్నిటి మీద 'వన్ సెంట్' అని పెద్దగా, దాని పైన 'నాట్' అని కనపడీ కనపడకుండా ఉంటుంది, దొంగనాణెం కేసు మీద పడకుండా అన్నమాట. ఇంకో రకంలో 'స్పాట్' అనే మాటని 'స్పూట్' అని చెక్కేశారు. న్యూయార్క్‌లో లిండెన్‌ముల్లర్ అనే సారాకొట్టు యజమాని పది లక్షలకు పైగా బిళ్లలు వదిలి, ట్రామ్ కంపెనీ తన దగ్గర పేరుకున్నవి తెచ్చి డబ్బిమ్మంటే ఇవ్వనన్నాడని చెబుతారు. 1864లో చట్టం చేసి ప్రభుత్వం ఇవన్నీ ఆపేసింది.

ఇంత చిన్న బిళ్లల్ని కూడా అక్కడివాళ్లు ఏ ఊరిది, ఏ కొట్టుది, ఏ అచ్చుతో కొట్టింది అని విడదీసి పుస్తకాలకెక్కించారు. మరి మనం? పోయిన ఏడాది మింట్ స్ట్రీట్ దగ్గర పాత మెస్ ఒకటి మూసేస్తున్నారని విని పరిగెత్తాను. నేను వెళ్లేసరికే భోజనం టోకెన్లన్నీ సంచిలో పోసి ఇత్తడి కిలో లెక్కన ఇచ్చేశారు. "అవెవరికి కావాలండీ" అన్నారు ఆ పెద్దాయన. ఆయన్ని తప్పుపట్టను, వాటికి విలువ ఉంటుందని ఆయనకి ఎవరు చెప్పారు గనక?

అసలు మద్రాసుకీ అమెరికా సెంట్లకీ చుట్టరికం కూడా ఉంది. 1803లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు కోసం చేయించిన ఇరవై కాసుల రాగి నాణెం బర్మింగ్‌హామ్ దగ్గర సోహోలో, మాథ్యూ బౌల్టన్ కార్ఖానాలో తయారైంది. ఫిలడెల్ఫియా టంకశాలకి సెంట్లు అచ్చువేసుకోవడానికి ఖాళీ రాగి బిళ్లలు పంపిందీ ఆ కార్ఖానాయే. అందుకే 1803 సెంటు, 1803 ఇరవై కాసులు నేను ఒకే కవర్లో పెట్టుకున్నాను.

దయచేసి ఆదివారం అనుబంధంలో వేలం ధరలతో పాటు ఇలాంటి బిళ్లల గురించి కూడా రాయించండి. మీ పాఠకుల ఇళ్లలో పాత మెస్, క్యాంటీన్, మిల్లు టోకెన్లుంటే ఒక్కటైనా ఉంచుకుని, ఏ కొట్టు, ఏ వీధి, సుమారుగా ఏ సంవత్సరం అన్నది చీటీ మీద రాసి దాంతో పాటు పెట్టమనండి. చింతపండు పెట్టి మాత్రం తోమొద్దు, ఆ నల్లదనం పోతే మళ్లీ రాదు.

- ఒక పాఠకుడు, చెన్నై