నీళ్లలో నడిచిన కారుకు ఏసీ గ్యాస్ కన్నా ముందు ఫ్యాన్ చూడాలి

సంపాదకులకు నమస్కారం.

మహేంద్రతనయ, వంశధార, నాగావళి నదులు పారే మా గజపతి, రాయగడ జిల్లాల్లో వానాకాలం వస్తే రోడ్డు మీద నిలిచిన నీళ్లలోంచి కారు నడపక తప్పని రోజులు ఉంటాయి. 2018 అక్టోబరులో తిత్లీ, 2021 సెప్టెంబరులో గులాబ్ తుపాన్ల నాటి వరదలు మీ పాఠకులకు గుర్తుండే ఉంటాయి. వాహనాల వైరింగు పని చేసే మనిషిగా, ఇలా తడిసిన కార్ల ఏసీ విషయంలో ఏటా జరుగుతున్న ఒక పొరపాటును మీ పత్రిక ద్వారా అందరి దృష్టికి తేవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఫిర్యాదు దాదాపు ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటుంది. పాతపట్నం వైపు రోడ్డు మీద వేగంగా పోతున్నంతసేపు ఏసీ చల్లగానే ఉంటుంది. పర్లాకిమిడి బజారులోనో రైల్వే గేటు దగ్గరో కారు ఆగగానే వేడిగాలి మొదలై, ఇంజన్ టెంపరేచర్ ముల్లు కూడా పైకి లేస్తుంది. చాలా గ్యారేజీల్లో దీనికి వెంటనే వచ్చే సమాధానం "గ్యాస్ అయిపోయింది" అన్నదే. కానీ ఏసీ గ్యాస్ పూర్తిగా మూసి ఉన్న గొట్టాల్లో తిరుగుతుంది కనుక, బయట నీళ్లు తగిలినంత మాత్రాన అది తగ్గదు. రాయో కర్రో తగిలి, కారు ముందుభాగంలో గ్యాస్ వేడిని బయటకు వదిలే కండెన్సర్‌కు చిల్లు పడితే పోవచ్చు. అప్పుడు ఆ చోట నూనె మరక సాధారణంగా కనిపిస్తుంది, పైగా కారు పరుగెత్తుతున్నా చల్లదనం సరిగా ఉండదు. వేగంలో చల్లగా ఉండి ఆగినప్పుడు వేడెక్కుతున్నదంటే, వేగంలో ఎదురుగాలి కండెన్సర్‌నూ రేడియేటర్‌నూ చల్లబరచే పనిని, కారు ఆగినప్పుడు కూలింగ్ ఫ్యాన్ చేయడం లేదేమోనని మొదట అనుమానించాలి. ఫ్యాన్ తిరగకపోతే కండెన్సర్‌లో ఒత్తిడి పెరిగిపోతుంది, అది హద్దు దాటగానే ప్రెషర్ స్విచ్, గ్యాస్‌ను నొక్కి తిప్పే కంప్రెసర్‌ను ఆపేస్తుంది. ఆ స్థితిలో అదనంగా గ్యాస్ ఎక్కిస్తే ఒత్తిడి ఇంకా పెరగడమే తప్ప ప్రయోజనం ఉండదు.

యజమానులు తడవడానికీ ఈ లోపానికీ సంబంధం ఉందని గుర్తించకపోవడానికి ఒక కారణం ఉంది. బురదనీరు ఫ్యాన్ తీగలు కలిసే కనెక్టర్‌లోకి దిగిన రోజున ఫ్యాన్ మామూలుగానే తిరుగుతుంది. ఆ తడి లోపలే ఉండిపోయి రాగి తీగకు, పిన్నులకు ఆకుపచ్చని చిలుము పట్టడానికి, మోటారు బేరింగు తుప్పుతో బిగుసుకోవడానికి రోజులో వారాలో పడుతుంది. అందువల్ల వాన వెలిసి, ఎండలు కాసిన తరువాత కారు గ్యారేజీకి వస్తుంది.

పరీక్షించే క్రమం కష్టమైనది కాదు. చాలా కార్లలో ఇంజన్ నడుస్తుండగా ఏసీ వేస్తే కొద్దిసేపట్లోనే ఫ్యాన్ తిరగాలి. తిరగకపోతే ఫ్యూజు చూసి, ఫ్యాన్‌కు కరెంటు కలిపే స్విచ్ లాంటి రిలేను అదే నంబరున్న మరో రిలేతో మార్చి చూడాలి. తరువాత ఫ్యాన్ కనెక్టర్ ఊడదీసి మోటారుకు బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇస్తే, తిరగకుంటే లోపం మోటారుదే, తిరిగితే లోపం దానికి కరెంటు తెచ్చే దారిలో ఉంది. ఇక్కడే అనుభవం ఉన్నవారు కూడా మోసపోతుంటారు: చిలుము పట్టిన తీగ చివర మల్టీమీటర్ పెడితే నిండా 12 వోల్టులు చూపిస్తుంది, కానీ ఫ్యాన్‌కు కావలసినంత కరెంటును ఆ తీగ మోయలేదు. మీటరుకు బదులు హెడ్‌లైట్ బల్బు కలిపి చూస్తే, అది మసకగా వెలగడంతోనే విషయం తెలిసిపోతుంది. ఎర్త్ తీగను బాడీకి బిగించిన బోల్టు దగ్గర తుప్పు గీకి మళ్లీ బిగించడంతోనే కుదుటపడిన కార్లు నా చేతుల మీదుగా ఎన్నో వెళ్లాయి. ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే మాత్రం దాని స్థానంలో తీగముక్క గానీ ఎక్కువ ఆంపియర్ల ఫ్యూజు గానీ ఎన్నటికీ పెట్టకూడదు. బిగుసుకున్న మోటారు లాగే కరెంటుకు వైరింగు కాలి మంట అంటుకోవచ్చు.

ఫ్యాన్ బాగానే తిరుగుతుంటే కండెన్సర్ రెక్కల మధ్య ఎండిన బురదను తక్కువ ధారతో కడగాలి, ఎక్కువ ఒత్తిడితో కొడితే రెక్కలు వంగిపోతాయి. లోపల గాలి కొట్టే బ్లోయర్ సంగతి వేరు, దాని ఫ్యూజు, వేగం మార్చే రెసిస్టరు వేరుగా చూసుకోవాలి.

దారిలో ముల్లు ఎర్రగీత వైపు పోతుంటే ఏసీ ఆపి, కారు పక్కకు తీసి ఇంజన్ ఆపాలి. వేడి చల్లారేదాకా రేడియేటర్ మూత తెరవకూడదు. కొన్ని కార్లలో ఇంజన్ ఆగిన తరువాత కూడా ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది కనుక, బ్యాటరీ నెగటివ్ తీగ తీయకుండా అక్కడ చేయి పెట్టరాదు.

గ్యారేజీల వారికి నా విన్నపం ఒక్కటే: గ్యాస్ ఎక్కించే ముందు ఫ్యాన్ తిరుగుతున్నదో లేదో యజమానికి చూపించండి, గ్యాస్ ఒత్తిడి చూపే గేజీ రీడింగును బిల్లు మీద రాసివ్వండి. మా ప్రాంతపు ఐటీఐలలో మెకానిక్ మోటార్ వెహికిల్ నేర్చుకునే విద్యార్థులకు, బల్బుతో లోడు పెట్టి చూసే ఈ పరీక్షను వానలు మొదలయ్యే ముందే చేతిపనిగా నేర్పించాలని అధ్యాపకులను కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా