నెల్లిమర్లకు వత్తు తెగింది

సంపాదకులకు,

వెబ్‌సైట్‌లో నోటిఫికేషన్ లింకు నొక్కగానే 404, అంటే 'పేజీ దొరకలేదు' అని వస్తే మన వాళ్లు ముందు సిగ్నల్‌నే తిడతారు. పాపం, దాని తప్పేం లేదు. అభ్యర్థన సర్వర్ దాకా చేరింది, ఆ పేరుతో అక్కడ ఫైలు లేదు. తరచూ జరిగేదేమిటంటే, ఆఫీసు కంప్యూటర్ విండోస్‌ది, ఫైలు పేరులో క్యాపిటల్, స్మాల్ అక్షరాల తేడా పట్టించుకోదు. సర్వర్ సాధారణంగా లినక్స్‌ది, ఒక్క అక్షరం మారినా వేరే ఫైలు అనుకుంటుంది. పేర్లన్నీ స్మాల్ లెటర్స్‌లో, ఖాళీల బదులు హైఫన్‌తో పెడితే సగం గొడవ వదులుతుంది. సైటు మార్చినప్పుడు పాత చిరునామాల నుంచి కొత్తవాటికి 301 రీడైరెక్ట్, అంటే శాశ్వతంగా దారి మళ్లించే ఏర్పాటు పెట్టాలి. లేని పేజీలన్నిటినీ హోమ్ పేజీకి తోసెయ్యడం మాత్రం 404 కన్నా అన్యాయం, వెతికేవాడికి ఏం జరిగిందో కూడా తెలియదు.

తెలుగు సంగతి మరీ ఘోరం. అను అనే పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసింది, ఏ ఫోన్లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చకుండా అతికిస్తే ఫోన్లో పిచ్చిగీతలే. యూనికోడ్ వాడినా, లైన్ హైట్ (అక్షరం సైజుకు వరుస ఎత్తు ఎన్ని రెట్లో) ఇంగ్లిష్‌కు సరిపోయే 1.2 దగ్గరే వదిలేస్తే మెనూలో 'నెల్లిమర్ల' కింద లావత్తు తెగిపోతుంది. 1.6 నుంచి 1.8 పెట్టి చూడండి.

'ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో తెరవండి' అనే సూచన ఇంకా కొన్ని పేజీల్లో ఉంది. దానికి మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న స్వస్తి చెప్పింది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఐఫోన్ సఫారీ, వాటితోపాటు 360 పిక్సెళ్ల వెడల్పున్న ఓ చవక ఫోన్: వీటిలో ఫారం చివరి బటన్ దాకా నొక్కి చూశాకే సైటు విడుదల చేయాలి.

– వెబ్‌సైట్ల నిర్వాహకులు, విజయనగరం