వార్షిక నివేదిక: చిన్ననాటి దెబ్బలు, యుక్తవయసు బంధాలు

గౌరవ సభ్యులకు నమస్కారం.

గత సర్వసభ్య సమావేశం తీర్మానం మేరకు, చిన్నతనంలో ఇంట్లో దెబ్బలు తిన్నవారు యుక్తవయసులో ఇతరులతో ఎలా మెలగుతారన్న ఒక్క అంశానికే మన సంఘం ఈ ఏడాది అధ్యయన కార్యక్రమాలను పరిమితం చేసుకుంది. ఏడాదంతా ఒకే విషయమా అని మొదట కొందరు సభ్యులు సందేహించినా, చర్చలు సాగేకొద్దీ ఆ ప్రశ్న మళ్లీ వినిపించలేదు.

చర్చల్లో ఎక్కువ సమయం తీసుకున్నది, దెబ్బలు తిన్న పిల్లలు ఎదుటివారిని ఎలా అర్థం చేసుకుంటారన్న విషయం. అటువంటి పిల్లలు ఇతరుల చేష్టల్లో దురుద్దేశాన్ని త్వరగా ఊహిస్తారనీ, దూకుడుకు అదొక కారణమనీ అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త కెన్నెత్ డాడ్జ్, ఆయన సహచరులు 1990లో ప్రచురించిన పరిశోధన చూపింది. ఎవరిదైనా ముఖం ఫొటో ఇంకా మసకగా ఉండగానే అందులోని కోపాన్ని దెబ్బలు తిన్న పిల్లలు మిగతా పిల్లలకన్నా ముందే గుర్తిస్తారని మరో మనస్తత్వ శాస్త్రవేత్త సేత్ పొలాక్ పరిశోధనల్లో తేలింది. ఎప్పుడు చెయ్యి లేస్తుందో తెలియని ఇంట్లో ఈ చురుకుదనం పిల్లవాడిని కాపాడుతుంది. అదే అలవాటు బయటి ప్రపంచంలోకి వచ్చేసరికి, స్నేహితుడు ఆలస్యంగా జవాబివ్వడం అవమానంగానూ, ఉపాధ్యాయుడు గొంతు పెంచడం దాడిగానూ తోస్తుంది. ప్రేమ, దాంపత్య బంధాల్లో కొందరు దగ్గరితనానికి భయపడి తామే ముందు దూరమవుతారు, మరికొందరు వదిలేస్తారన్న భయంతో దెబ్బలను కూడా మామూలు సంగతిగా భరిస్తారు. తిరగబడేవారు అందరి కంటా పడతారు గాని, అణిగిమణిగి అందరినీ మెప్పించేందుకే పాటుపడేవారిని మనం ‘బుద్ధిమంతులు’ అని మెచ్చుకుని ఊరుకుంటున్నామన్నది కార్యవర్గం అభిప్రాయం.

‘దెబ్బలు తిన్నవాడు రేపు కొడతాడు’ అన్న వాదన సమావేశాల్లో పలుమార్లు వచ్చింది. హింసకో నిర్లక్ష్యానికో గురైన పిల్లలపై అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త క్యాథీ విడమ్ 1989లో ప్రచురించిన అధ్యయనంలో, వారిలో సుమారు 26 శాతం మంది మైనర్లుగా ఉండగానే అరెస్టయ్యారు. పోలిక కోసం తీసుకున్న ఇతర పిల్లల్లో ఇది సుమారు 17 శాతం. తేడా చిన్నది కాదు, అయినా అత్యధికులు ఆ దారి పట్టలేదని కూడా ఆ లెక్కే చెబుతోంది. కనుక ఆ వాదనను సంఘం ఏ కరపత్రంలోనూ వాడరాదని కార్యవర్గం నిర్ణయించింది.

యువజన విభాగం కార్యకర్తలకు శిక్షణ ఇచ్చాం. ముందుగా చెప్పకుండా వెనుక నుంచి భుజం మీద చెయ్యి వేయకపోవడం, తప్పు జరిగితే నలుగురిలో కాక విడిగా మాట్లాడటం, ఇచ్చిన మాటను వేళకు నిలుపుకోవడం అందులో ముఖ్యమైనవి. తనను కొడుతున్నారని ఎవరైనా పిల్లలు చెబితే నిదానంగా వినాలి, గుచ్చిగుచ్చి ప్రశ్నించరాదు, ఎవరికీ చెప్పనని మాట ఇవ్వరాదు, బాలల సంరక్షణ అధికారులకు తెలియజేయాలి. తల్లిదండ్రుల సమావేశాలకు తండ్రులు తక్కువగా వచ్చారు.

ఆదాయ వ్యయ పట్టిక విడిగా జతపరిచాం. తండ్రుల కోసం ప్రత్యేక సమావేశాలు, యువతకు మానసిక నిపుణులతో గోప్యంగా మాట్లాడే ఏర్పాటు అనే రెండు ప్రతిపాదనలను వచ్చే ఏడాదికి సభ్యుల ఆమోదం కోసం సమర్పిస్తున్నాం.

కార్యదర్శి