రెండోసారి అడగడానికి మొహమాటపడకు

చిరంజీవి బుజ్జికి,

నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అమ్మ, నాన్నమ్మ, నేను క్షేమం.

నువ్వు పంపిన ఫోటోలు రాత్రి షాపు కట్టేశాక తీరిగ్గా చూశాను. ఆన్‌లైన్‌లో తెప్పించిన లాప్‌టాప్ మొదట వచ్చినదాంట్లో నిలువు గీత ఉందని మార్చి ఇచ్చారు. మార్చి ఇచ్చినదాంట్లో స్క్రీన్ మధ్యకు కాస్త ఎడమగా ఆకుపచ్చ చుక్క వెలుగుతోంది, కింద మూల తెల్లగా వెలుతురు కారుతోంది. ఇలాంటివి నేను రోజూ చూసేవే. వాటి కింద నువ్వు రాసిన మాటే నాకు నచ్చలేదు. "పోన్లే నాన్నా, ఒక్క చుక్కే కదా, మళ్ళీ అడిగితే ఏమనుకుంటారో" అన్నావు. ఏమీ అనుకోరు తల్లీ. అనుకున్నా మనకు పోయేదేమీ లేదు. అమ్మ చీటీ పాడి తెచ్చిన డబ్బు అది. పూర్తి డబ్బు కట్టాం, పూర్తిగా బాగున్న వస్తువు రావాలి. ఫోన్లో చెబుదామంటే షాపులో మనుషుల మధ్య సగం మాటే అవుతుంది, నీకూ సగమే గుర్తుంటుంది. అందుకే రాస్తున్నాను.

టీవీలు బాగుచేసేవాడిగా ఒక సంగతి చెబుతాను. స్క్రీన్ మీద గీతతో నా దగ్గరికి వచ్చేవాళ్ళలో "కొన్నప్పటి నుంచే సన్నగా ఉండేదండీ" అనేవాళ్ళు ఎంతమందో. మొన్నీమధ్య రిటైరైన మాస్టారొకరు వచ్చారు. టీవీ పెట్టెలోంచి తీసిన రోజే కుడివైపు వెంట్రుకంత గీత కనిపించిందట. బిగించడానికి వచ్చిన కుర్రాణ్ణి ఇబ్బంది పెట్టడం ఎందుకులే అని కాగితం మీద సంతకం పెట్టి పంపేశారట. వారంటీ అయిపోయాక ఆ గీత పక్కన ఇంకోటి, దాని పక్కన మరోటి మొదలయ్యాయి. నేను ఫ్రేము ఊడదీసి ఆయనకే చూపించాను. గాజు అంచున పలచటి ఫిల్ములు వరసగా అతికించి ఉంటాయి, వాటిని మేం సీవోఎఫ్ అంటాం. బోర్డు నుంచి వచ్చే సిగ్నల్ ఆ ఫిల్ము మీదున్న చిప్ గుండా గాజులోని సన్నని తీగల్లోకి వెళ్తుంది. ఒక్క తీగ దగ్గర అతుకు వదిలితే చాలు, పైనుంచి కిందిదాకా ఒక వరస మొత్తం పోతుంది. వేలితో ఆ అంచు మెల్లగా నొక్కితే గీత మాయమైంది, వేలు తీస్తే మళ్ళీ వచ్చింది. సోల్డరింగ్‌తో అతికేది కాదది, వేడీ ఒత్తిడీ కలిపి అతికించే ప్రత్యేకమైన మెషీన్ కావాలి. ప్యానెల్, అంటే స్క్రీన్ మొత్తం, మార్చాలంటే అయ్యే ఖర్చు ఇంచుమించు కొత్త టీవీ అంత. మాస్టారు ఇంకేమీ అడగలేదు, టీవీని ఆటోలో పెట్టించుకుని వెళ్ళిపోయారు. నీ మెసేజ్ చదవగానే నాకు ఆయనే గుర్తొచ్చారు.

ఇప్పుడు నీ చుక్క సంగతి. నీది ఫుల్ హెచ్‌డీ స్క్రీన్, అడ్డంగా 1920, నిలువుగా 1080, వెరసి 20,73,600 పిక్సెళ్ళు. ఒక్కో పిక్సెల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడేసి గడులు. అంటే 62 లక్షల పైచిలుకు గడులు, ప్రతి గడికీ ఒక ట్రాన్సిస్టర్. వెనకనున్న లైటు వెలుతురు ఎంత బయటికి రావాలో ఆ ట్రాన్సిస్టర్ ఇచ్చే సిగ్నల్‌ను బట్టి ఉంటుంది. అక్కడ లోపం వస్తే ఆ గడి తెరిచిన కిటికీలా ఉండిపోతుంది, లేకపోతే పూర్తిగా మూసుకుపోతుంది. నీ ఆకుపచ్చ గడి తెరుచుకుని ఉండిపోయింది. దీన్ని స్టక్ పిక్సెల్ అంటారు. ఎప్పుడూ నల్లగా ఉండేది డెడ్ పిక్సెల్. రంగులు గబగబా మారే వీడియోలు పెడితే స్టక్ పిక్సెల్ ఒక్కోసారి దారికొస్తుంది, కావాలంటే పెట్టి చూడు. కానీ అదేదో బాగవుతుందని ఎదురుచూస్తూ రోజులు పోనివ్వకు. గుడ్డతోనో పెన్ను వెనకతోనో ఆ చోట నొక్కి రుద్దమని చెప్పేవాళ్ళ మాట మాత్రం అస్సలు వినకు. నొక్కినచోట మచ్చ పడితే, కంపెనీవాళ్ళు దాన్ని చూపించి "ఇది మీరు చేసుకున్నదే" అంటారు.

ఇంకేమైనా ఉన్నాయేమో ఈ రాత్రికే చూసుకో. ముందు మెత్తటి పొడి గుడ్డతో దుమ్ము తుడువు. విండోస్‌లో ఉండే పెయింట్‌లో పూర్తి నలుపు, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం బొమ్మలు చేసుకుని ఒక్కోటి స్క్రీన్ నిండా పెట్టు. వెలిగే చుక్కలు నలుపు మీద బయటపడతాయి, చచ్చిన చుక్కలు తెలుపు మీద బయటపడతాయి. తర్వాత ఒక స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌కు పంపుకుని చూడు. అందులో చుక్క లేదంటే తప్పు విండోస్‌ది కాదు, ప్యానెల్‌దే. "డ్రైవర్ అప్‌డేట్ చేసి చూడండి మేడమ్" అని నాలుగు రోజులు తిప్పేవాళ్ళకు ఇదే జవాబు. మొదటి లాప్‌టాప్‌లోలాగా మళ్ళీ గీత వస్తే, ల్యాబ్‌లో ఏదైనా మానిటర్‌కు హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టి చూడు. అక్కడ కూడా గీత కనిపిస్తే గ్రాఫిక్స్ వైపు లోపం, లాప్‌టాప్ స్క్రీన్ మీదే కనిపిస్తే ప్యానెలో దానికొచ్చే కేబులో. మూత వంచుతున్నప్పుడు గీత వచ్చి పోతుంటే ముందుగా అనుమానించాల్సింది కేబుల్‌నే.

మూల వెలుతురు గురించి తొందరపడి ఫిర్యాదు రాయకు. ముందు ఒకటి తేల్చుకోవాలి. గదిలో లైటు ఆర్పి నల్ల బొమ్మ పెట్టి, ఎదురుగా కూర్చుని చూడు. తర్వాత తల పక్కకు జరిపి చూడు. నువ్వు జరిగేకొద్దీ ఆ తెల్లదనం మారుతూ పోతుంటే అది ఐపీఎస్ అనే రకం ప్యానెళ్ళకు సహజంగా ఉండే గ్లో, లోపం కాదు. ఎటు నుంచి చూసినా అదే చోట, అదే ఆకారంలో ఉంటే అది లైట్ బ్లీడ్. ఫ్రేము బిగింపు సమంగా లేకపోయినా, లోపలి పొరలు సరిగా కూర్చోకపోయినా అలా వస్తుంది. ఫోన్ కెమెరా చీకట్లో దాన్ని ఉన్నదానికన్నా ఎక్కువ చేసి చూపిస్తుంది, కాబట్టి ఫోటో తీసేటప్పుడు ఎక్స్‌పోజర్ తగ్గించు. లేని లోపం ఉందని మనం అనకూడదు. ఒక్క మాట అబద్ధమని తేలినా మిగతావన్నీ నమ్మరు. రాత్రిపూట స్క్రీన్ రంగును పసుపువైపు మార్చే నైట్ లైట్, ఆటో బ్రైట్‌నెస్ కూడా ఆపేసి చూడు. స్క్రీన్ పసుపుపచ్చగా ఉందని గోల చేసి, చివరికి నైట్ లైట్ ఆన్‌లో ఉందని తేలినవాళ్ళు నా దగ్గరికే వచ్చారు.

ఇక తొందర ఎందుకంటున్నానో చెబుతాను, ఇది బాగా గుర్తుంచుకో. చుక్కల విషయంలో కంపెనీలకు ఒక లెక్క ఉంటుంది. ఐఎస్‌వో 9241-307 అని 2008లో వచ్చిన ప్రమాణం ఉంది. అందులో ప్యానెళ్ళను తరగతులుగా విడగొట్టారు. రెండో తరగతిలో ప్రతి పది లక్షల పిక్సెళ్ళకు పూర్తిగా వెలిగేవి రెండు, పూర్తిగా చచ్చినవి రెండు ఉన్నా సరిపోయినట్టే. అవి కాక విడి గడుల లోపాలకు వేరే పరిమితి. చాలా కంపెనీలు వారంటీ కాగితాల్లో ఇలాంటి లెక్కే రాసుకుంటాయి. కాబట్టి రిప్లేస్‌మెంట్ గడువు దాటాక సర్వీస్ సెంటర్‌కు వెళ్తే "మేడమ్, ఒక్క చుక్క మా పాలసీ ప్రకారం ఓకే" అనేస్తారు. వాళ్ళ కాగితం ప్రకారం వాళ్ళ మాట సరైనదే అవుతుంది. గడువు లోపల అమ్మినవాళ్ళను అడిగినప్పుడు మనకు బలం ఎక్కువ. నీకు శనివారం వచ్చింది, ఏడు రోజులంటే ఇంకెన్ని మిగిలాయో చూసుకో. మార్చి ఇచ్చినదానికి గడువు కొత్తగా మొదలవుతుందా, పాత ఆర్డర్ తేదీ నుంచే లెక్కేస్తారా అన్నది ఆర్డర్ పేజీలో రాసి ఉంటుంది, చదువు.

మూలలో ఎక్కడో ఒక నల్ల చుక్క అయితే నేనే వదిలెయ్యమనేవాణ్ణి, వెతికితే తప్ప కనపడదు. ఇది మధ్యలో వెలిగే ఆకుపచ్చ చుక్క. రాత్రిళ్ళు నల్ల స్క్రీన్ మీద కోడ్ రాసుకునేదానివి, నాలుగేళ్ళు నీ కన్ను దాని మీదికే పోతుంటుంది.

ఫోన్ చేసి చెప్పి ఊరుకోవద్దు, రాతలో ఉండాలి. ఇంగ్లీషులోనే రాయి, కానీ చిన్నగా రాయి. ఫలానా తేదీన రిప్లేస్‌మెంట్‌గా వచ్చింది, సీరియల్ నంబరు ఇది, స్క్రీన్ మధ్యకు ఎడమగా ఎప్పుడూ వెలిగే ఆకుపచ్చ చుక్క ఉంది, స్క్రీన్‌షాట్‌లో కనపడదు కాబట్టి ప్యానెల్ లోపం, ఫోటోలు జతచేశాను, మార్చండి లేదా డబ్బు వాపసు ఇవ్వండి. అంతే. కోపం మాటలు వద్దు, ప్లీజులూ వద్దు. టికెట్ నంబరు రాగానే ఫోటో తీసి పెట్టుకో.

వాళ్ళు మెకానిక్‌ను పంపుతామన్నా, సర్వీస్ సెంటర్ నుంచి డీవోఏ లెటర్ తెమ్మన్నా కంగారుపడకు, అది మామూలే. డీవోఏ అంటే వస్తువు వచ్చేటప్పటికే పాడై ఉందని వాళ్ళు రాసిచ్చే కాగితం. అది చేతికొస్తే సగం పని అయినట్టే. సర్వీస్ సెంటర్‌లో ఇచ్చే జాబ్ షీట్ మాత్రం అక్షరం అక్షరం చదివి సంతకం పెట్టు. లోపం అన్నచోట "డిస్‌ప్లే ప్రాబ్లమ్" అని పొడిగా రాస్తే చుక్క సంగతి విడిగా రాయించు. కండిషన్ అన్నచోట స్క్రాచెస్, డెంట్, ఫిజికల్ డ్యామేజ్ అని చిన్న గడులు ఉంటాయి. కొందరు చూడకుండానే టిక్కులు కొట్టేస్తారు. ఫిజికల్ డ్యామేజ్ దగ్గర టిక్కు ఉంటే కొట్టేయించాకే లాప్‌టాప్ చేతికివ్వు. ఆ ఒక్క టిక్కుతో వారంటీ పోతుంది.

విప్పి ప్యానెల్ ఒక్కటే మార్చి ఇస్తామంటే గడువు లోపల ఒప్పుకోకు. గడువు దాటాక అయితే వేరే దారి ఉండదు, అప్పుడు ఒప్పుకోవచ్చు. మంచి చేతిలో పడితే ఇబ్బందేమీ ఉండదు కూడా. కానీ ఫ్రేము క్లిప్పులు విరగ్గొట్టి, లోపల దుమ్ము వదిలి బిగించిన లాప్‌టాప్‌లు నేను చూశాను. కొత్తదానికి ఆ గతి పట్టాల్సిన పని లేదు.

డబ్బు వాపసు ఇస్తామంటే నా మాట విని అదే తీసుకో. ఒకే మోడల్‌లో వరసగా రెండు లోపాలు వచ్చాక మూడోదాని మీద నాకు నమ్మకం లేదు. ఆ డబ్బుతో వరంగల్‌లోనే ఏదైనా షాపులో కొందాం. కౌంటర్ మీద ఆన్ చేసి, నీ ఐదు రంగులూ పెట్టి చూసుకుని, అప్పుడు బిల్లు రాయించుకుందువుగాని. వెయ్యో రెండు వేలో ఎక్కువైతే నేను చూసుకుంటాను. అలాగని మరీ ఖరీదైనవాటికి ఇవి రావని కాదు. 2016లో వచ్చిన 13 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోల్లో కొన్నింటికి స్క్రీన్ కింది అంచున వెలుతురు చారలు వచ్చాయి. చాలామంది గట్టిగా అడిగాక, 2019 మేలో ఉచితంగా బాగుచేస్తామని ఆపిల్ ప్రకటించింది.

అమ్మినవాళ్ళు కుదరదంటే భయపడకు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ఉంది, 2020 జూలై నుంచి అమల్లోకి వచ్చింది. ఆన్‌లైన్ అమ్మకాలకు అదే నెలలో విడిగా నియమాలు కూడా తెచ్చారు. లోపం ఉన్న వస్తువును వెనక్కి తీసుకోనని, డబ్బు ఇవ్వనని అమ్మినవాడు అనడానికి వీల్లేదు. ఆన్‌లైన్ కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాస్తే 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోపు తేల్చాలి. అప్పటికీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చెయ్యి, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు. నువ్వు ఉంటున్న ఊళ్ళోనే వేయొచ్చు, అయిదు లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు, రెండేళ్ళ దాకా గడువుంది. అంతదాకా పోదనే నా నమ్మకం. గ్రీవెన్స్ ఆఫీసర్‌కు మెయిల్ పెట్టగానే చాలావరకు దారికొస్తారు.

ఇంకో రెండు ముక్కలు. స్క్రీన్ సంగతి తేలేదాకా దాంతోపాటు వచ్చిన ఆఫీస్‌ను యాక్టివేట్ చేయకు, అది నీ అకౌంట్‌కు ముడిపడిపోతుంది. లాప్‌టాప్ వెనక్కి ఇచ్చే ముందు నీ ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, అకౌంట్ తీసేసి, రీసెట్ కొట్టి ఇవ్వు. మన దగ్గరున్న బిల్లు మీద మొదటి లాప్‌టాప్ సీరియల్ నంబరే ఉంది. కొత్తది వస్తే కొత్త నంబరుతో బిల్లో, రిప్లేస్‌మెంట్ కాగితమో అడిగి తీసుకో. లేకపోతే రేపు వారంటీకి వెళ్ళినప్పుడు "ఇది మీది కాదు" అంటారు. పెట్టె, లోపలి అట్టలు, ఛార్జర్ కవరు ఏదీ పారేయకు. మీ రూమ్మేట్‌కు కూడా చెప్పు, గది ఊడ్చేటప్పుడు పోతాయి.

రేపు క్లాసుకు వెళ్ళే ముందే ఫిర్యాదు పెట్టు. మెకానిక్ వచ్చే టైము తెలిస్తే నాకు మెసేజ్ పెట్టు, వీడియో కాల్‌లో నేనే ఆయనతో మాట్లాడతాను. పెట్టె మీదున్న సీరియల్ నంబరు ఫోటో మాత్రం ఈ రాత్రికే పంపు.

ఇట్లు,
నాన్న