పోస్టర్ మీద ఒక క్లాసు, ట్రాక్ మీద ఇంకో క్లాసు

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ స్పోర్ట్స్ పేజీలో మోటోక్రాస్ (మట్టి ట్రాక్ మీద జంపులతో జరిగే బైకు రేసు) వార్త చదివాను. 450 సీసీ పెద్దోళ్ల రేసు, 250 సీసీ పిల్లల రేసు అన్నట్టు రాసేశారు. అది తప్పండి. వరల్డ్ చాంపియన్‌షిప్‌లో పై క్లాసైన ఎంఎక్స్‌జీపీలో 450 ఫోర్ స్ట్రోక్‌తో పాటు 250 టూ స్ట్రోక్‌కీ చోటుంది, ఎందుకంటే టూ స్ట్రోక్ ఇంజనులో ఇంజను తిరిగే ప్రతి చుట్టుకీ పెట్రోలు మండుతుంది, ఫోర్ స్ట్రోక్‌లో రెండు చుట్లకోసారి, అందుకే తక్కువ సీసీ టూ స్ట్రోక్ కూడా దానికి పోటీ ఇస్తుంది. దాని కింది క్లాసు ఎంఎక్స్2 లో అయితే 250 ఫోర్ స్ట్రోక్, 125 టూ స్ట్రోక్ ఒకే లైన్లో నిలబడతాయి, పైగా 23 ఏళ్ల వయసు లిమిట్ కూడా ఉంది. అంటే సీసీ ఒక్కటే చూసి క్లాసు పెట్టరు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే ఈ అజ్ఞానం వల్ల ఇక్కడ మన పిల్లలు నష్టపోతున్నారు. ఈమధ్య మా జిల్లాలో జరిగిన ఒక రేసుకి పోస్టర్‌లో స్టాక్ (కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న బండ్లు) 200 సీసీ నోవిస్ (కొత్తవాళ్ల) క్లాసు అని వేశారు, మావాడు హీరో కంపెనీ 200 సీసీ బండి ఎక్స్‌పల్స్‌తో ఎంట్రీ ఫీజు కట్టాడు, తీరా రేసు రోజు పొద్దున ఎంట్రీలు తక్కువొచ్చాయని 250 వాళ్లతో కలిపేశారు. 50 సీసీయే కదా తేడా, సర్దుకోండి అన్నారు! ఎక్స్‌పల్స్‌కి 19 హార్స్‌పవర్, బరువు దగ్గర దగ్గర 160 కిలోలు. బయట్నుంచి తెప్పించిన 250 మోటోక్రాస్ బండికి 40 చుట్టుపక్కల పవర్, బరువు 110 కిలోల లోపు. ఇదేం సర్దుబాటండీ? మొదటి జంప్ దగ్గరే వెనకాల నుంచి వచ్చి మీద పడితే ఎవరిది బాధ్యత? ఫీజు వెనక్కి అడిగితే రూల్స్ బుక్‌లో లేదన్నారు. ఆ బుక్ చూపించండి అంటే అదీ లేదు.

ఇంక స్క్రూటినీ, అంటే రేసు బండ్లని చెక్ చేసే సంగతి. హెల్మెట్ చూసి, బ్రేకు నొక్కి స్టిక్కర్ అంటించారు. స్టాక్ బండ్లలో ఎవరైనా సీసీ పెంచే బోర్ కిట్ వేశారేమో తెలియాలంటే గెలిచిన బండి ఇంజన్ హెడ్ విప్పి బోర్ (సిలిండర్ వెడల్పు), స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) కొలవాలి, గంట పని. దానికి మనిషి లేడట, కానీ ముఖ్య అతిథి గారికి శాలువాలు కప్పడానికి, ఫొటోలకి మాత్రం గంటకి పైనే టైం దొరికింది, పిల్లలు ఎండలో హెల్మెట్లు పెట్టుకుని నిలబడ్డారు. కబడ్డీకి బరువు తూస్తారు, అండర్ 14 కి బర్త్ సర్టిఫికెట్ అడుగుతారు, ఇంజన్ల ఆటలో ఇంజనే చూడరా? క్రీడా శాఖ వాళ్లని అడిగితే మోటార్ స్పోర్ట్ మా పరిధి కాదంటారు, పోలీసులు పర్మిషన్ వరకే మా పని అంటారు.

గచ్చిబౌలి స్టేడియంలో జరిగిన సూపర్‌క్రాస్‌లో 250 లోనే ఇంటర్నేషనల్ వేరు, ఇండియా ఆసియా రైడర్లకి వేరు క్లాసు పెట్టారు. మన ఊళ్లో రేసులు పెట్టేవాళ్లకి అది కనపడలేదా? క్లాసులు ఎంట్రీలు తీసుకునే ముందే రాతపూర్వకంగా ఇవ్వాలి. మార్చితే ఫీజు తిరిగివ్వాలి. మన దేశంలో మోటార్ స్పోర్ట్‌ని చూసే సంస్థ ఎఫ్ఎంఎస్‌సీఐ పర్మిట్ లేని రేసుకి పోలీసులు పర్మిషన్ ఇవ్వకూడదు. మీరు కూడా ఈసారి ఎవరు గెలిచారో రాసేటప్పుడు ఏ క్లాసులో, ఏ బండి మీద, టెక్నికల్ చెక్ అయిందా లేదా అడిగి రాయండి.

ఇట్లు,
ఒక రైడర్ తండ్రి, వరంగల్